టికెట్టు తగ్గితే ఆదాయం పెరిగినట్టా?



తెలుగు పాఠాలు చెప్పుకొని విశ్రాంతి తీసుకుంటున్నవానికి ఆదాయపు పన్నుతో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చు. పని ఉన్నది. పన్నుల చట్టానికీ వ్యాకరణానికీ దగ్గరి చుట్టరికం. రెండింటిలోనూ ముందొక సూత్రం, దానికొక అపవాదం, ఆ అపవాదానికి మళ్ళీ ఒక ప్రత్యపవాదం. ఒక మాట ఎంతవరకు వ్యాపిస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నదే రెండుచోట్లా నడిచే వాదం. అందుచేత ఈ టపాలో ఒక పన్ను ప్రశ్నను ఎత్తుకుంటున్నాను. బాగా తగ్గించిన ధరకో, ఊరకేనో ప్రయాణం చేసే వీలు దొరికితే, అలా మిగిలిన సొమ్ము మన ఆదాయమా? దానికి పన్ను కట్టవలసిందేనా?

ముందు మాటల సంగతి చూద్దాము. 'ఆదాయం' సంస్కృతం. 'దా' ధాతువుకు 'ఆ' అన్న ఉపసర్గ చేరగానే ఇవ్వడం కాస్తా పుచ్చుకోవడమై కూర్చుంటుంది. ఉగాది నాడు పంచాంగశ్రవణంలో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవి ఒగ్గేటప్పుడు మనం అనుకునేది కూడా చేతికి వచ్చే సొమ్ము గురించే. 'రాయితీ' అరబ్బీలో పుట్టి, పారసీ ఉరుదూల మీదుగా మన దాకా వచ్చిన మాట. ఆ మూలధాతువుకు మేపడం, కాపాడడం అని అర్థం. మన 'రైతు' కూడా ఆ ధాతువు బిడ్డయే. కాపాడబడవలసిన ప్రజ రయ్యత్, ఆ ప్రజ మీద చూపే దయ రియాయత్. కాబట్టి ఆదాయంలో ఉన్నది పుచ్చుకోవడం, రాయితీలో ఉన్నది కనికరించడం. ఈ వ్యుత్పత్తి పన్ను అధికారి బల్ల ముందు నిలవదని నాకు తెలియకపోలేదు. సుంకరి ముందర సుఖదుఃఖాలు చెప్పుకోరాదని పెద్దలన్నారు. వ్యుత్పత్తులు అసలే చెప్పుకోరాదు. అయినా చిక్కుముడి ఇక్కడే ఉన్నది. చేతికి వచ్చిన రూపాయి, చేతి నుంచి పోకుండా ఆగిన రూపాయి, రెండూ ఒకటేనా? లెక్కల మాస్టారు ఒకటే అంటారు. చట్టం అన్నివేళలా అలా అనదు.

ఆషాఢమాసంలో గద్వాల చీర పది వేలది ఏడు వేలకు ఇస్తారు. కొన్న ఇల్లాలు మూడు వేలు ఆర్జించిందని ఎవరైనా అంటే ఊరు నవ్వుతుంది. పెబ్బేరు సంతలో ఎద్దుల జత బేరం గంటసేపు సాగి నాలుగు వేలు దిగితే, ఆ నాలుగు వేలు కొన్నవాని సంపాదన కాదు. అది బేరం. విమానాల వాళ్ళు ఖాళీ సీట్లు నింపుకోవడానికి సగానికి సగం తగ్గించి అమ్మే టికెట్టు కూడా ఈ జాతిదే. అందరికీ తెరిచిన అంగడిలో అందరికీ దొరికే ధరే ఆ వస్తువు ధర. 'అసలు ధర' అని కొట్టివేసి చూపించే అంకె అమ్మేవాడు రాసుకున్న కవిత్వం. అందులో ఉత్ప్రేక్ష పాలు ఎక్కువ.

చట్టం కూడా ఇక్కడ జాగ్రత్తగానే మాట్లాడింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 56వ సెక్షనులో తక్కువ ధరకు పుచ్చుకున్న ఆస్తి మీద పన్ను వేసే ఏర్పాటు ఉన్నది. మార్కెట్టు విలువకూ ఇచ్చిన ధరకూ నడుమ తేడా 50,000 రూపాయలు దాటితే ఆ తేడా ఆదాయమవుతుంది. దగ్గరి బంధువులు ఇచ్చినదానికి మినహాయింపు. అయితే 'ఆస్తి' అంటే ఏమిటో అక్కడ పట్టీ కట్టి చెప్పారు. భూమి, భవనాలు, షేర్లు, నగలు, బంగారం వెండి ముద్దలు, పురావస్తువులు, చిత్రాలు, శిల్పాలు, కళాఖండాలు, ఆ పైన ఈ కాలపు డిజిటల్ ఆస్తులు. మా వ్యాకరణంలో దీనిని పరిగణనం అంటారు. గణంలో చేరిన శబ్దానికే కార్యం, చేరనిదానికి లేదు. ప్రయాణపు టికెట్టు ఆ గణంలో లేదు. అంగడిలో దొరికిన చవక టికెట్టుకు పన్ను లేదని చెప్పడానికి ఇంతకంటె శ్రమ అక్కరలేదు.

మహాలక్ష్మి పథకం సంగతి కూడా చెప్పుకోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రం లోపల ప్రయాణం ఉచితమయింది. కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇస్తాడు, ఆ సొమ్ము ప్రభుత్వం బస్సుల సంస్థకు లెక్క కడుతుంది. గద్వాల వంటి సరిహద్దు ఊళ్ళో ఇందులో ఒక తమాషా ఉన్నది. కర్నూలుకో రాయచూరుకో పోయే తెలంగాణ బస్సులో ఎల్లదాకా ఉచితం, ఎల్ల దాటితే టికెట్టు. కర్ణాటకలో ఇటువంటి పథకం 2023 జూన్ 11న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న వచ్చాయి.  'వాళ్ళకు నెలకు ఇంత ఆదా అవుతున్నది, అది ఆదాయం కాదా?' అని అరుగుల మీద వాదించే మగవారిని చూశాను. కాదు. ఆమె ప్రభుత్వానికి ఉద్యోగిని కాదు, వ్యాపారభాగస్వామి కాదు. ఆ టికెట్టు దేనికీ ప్రతిఫలం కాదు.

ఇంకొకటి. వీపనగండ్ల నుంచి వనపర్తి ఆస్పత్రికి వచ్చే ముసలమ్మ టికెట్టు కొనవలసి వస్తే వచ్చేదేనా? చాలాసార్లు వచ్చేది కాదు, నొప్పి ఓర్చుకొని ఇంట్లోనే పడుకునేది. అటువంటప్పుడు ఆమెకు అందిన మేలు విలువ టికెట్టు మీది అంకె కాదు. ఆ అంకెను ఆమె ఖాతాలో ఆదాయంగా రాయడమంటే, ఆమె ఎన్నడూ పెట్టని ఖర్చును ఆమె సంపాదించిందనడమే. నేను పనిచేసిన రోజుల్లో ప్రతి జూన్‌లో విద్యార్థుల బస్ పాస్ దరఖాస్తుల మీద కట్టలు కట్టలుగా సంతకాలు పెట్టాను. పాసు రాని ఏడు కొందరు ఆడపిల్లలు బడికే రాలేదు. ఆ అనుభవం ఉన్నవానికి ఈ 'ఆదా' లెక్క మింగుడు పడదు.

అసలు చిక్కు ఉద్యోగి దగ్గర మొదలవుతుంది. ఉద్యోగికి యజమాని జీతంతో పాటు ఇచ్చే సౌకర్యాన్ని చట్టం పెర్క్విజిట్ అంటుంది. జీతంలో భాగంగానే చూస్తుంది. అది న్యాయమే. లేకపోతే ప్రతి యజమానీ రొక్కం తగ్గించి బియ్యమూ బట్టలూ టికెట్లూ ఇస్తాడు, ఖజానా ఎండిపోతుంది. సరే, విలువ కట్టడమెట్లా? 1962 నియమావళిలోని 3వ నియమం ఒక దారి చెప్పింది. ప్రయాణికులను, సరుకులను చేరవేసే యజమాని తన ఉద్యోగికి గాని, అతని ఇంటివారికి గాని సొంతపనుల మీద చేసే ప్రయాణానికి ఉచితంగా, తక్కువ ధరకు వీలు కల్పిస్తే, ప్రజలకు అమ్మే ధర ఎంతో అంతే దాని విలువ. ఉద్యోగి చెల్లించినది ఏమైనా ఉంటే తీసివేయాలి. ఇది సూత్రం. వెంటనే అపవాదం: విమాన సంస్థల, రైల్వేల ఉద్యోగులకు ఇది వర్తించదు.

నా దగ్గర ఒకే బెంచీ మీద కూర్చొని చదువుకున్న ఇద్దరిలో ఒకడు రైల్వేలో చేరాడు, ఇంకొకడు బస్సు కండక్టరయ్యాడు. వాళ్ళు ఒక పెండ్లిలో కలిసి నా దగ్గరికి వచ్చారు. కండక్టరు అడిగాడు: "వాని పాసుకు పన్ను లేదంట, నా పాసుకు ఉందంట. ఇదేం నాయం సార్?" రైల్వే అబ్బాయి నవ్వుతూ, "మాది పెద్ద బండి కద సార్" అన్నాడు. ఆ నవ్వులో తప్పు లేదు గాని కండక్టరు ముఖం చిన్నబోయింది. సికింద్రాబాదు నుంచి డోన్ పోయే రైలు గద్వాల మీదుగా పోతుంది, బస్సూ అటే పోతుంది. కుటుంబంతో పాసు మీద రైలెక్కినవాడు పన్ను లేకుండా దిగుతాడు. పాసు మీద బస్సెక్కినవాడు, పుస్తకంలోని అక్షరం ప్రకారం, టికెట్టు ధరంత ఆదాయంతో దిగుతాడు. ఈ తేడాకు కారణం నియమంలో ఎక్కడా రాయలేదు. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలే లేదు. వనపర్తి పేరు పెట్టుకున్న స్టేషను ఉన్నది మదనాపురంలో. బస్సే దిక్కయిన జిల్లాలలో బస్సు నడిపేవానికి రైలు నడిపేవానికంటె తక్కువ మర్యాదా?

నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను. 2025–26 సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల రూపాయల దాకా ఆదాయానికి రిబేటు వచ్చింది. దానివల్ల చాలామంది కండక్టర్ల చేతి నుంచి ఈ పాసు పేరుతో పైసా పోదు. అయినా నియమం ఒకనిని ఒకలాగా, పక్కవానిని ఇంకొకలాగా చూడడం పైసలతో కొలిచేది కాదు. వాడు నా దగ్గరికి తెచ్చినది పైసల బాధ కాదు.

ఈ విషయంలో నన్ను ఆకట్టుకున్న తీర్పు ఇంగ్లండుది. అది బడిపంతుళ్ళ కేసు కావడం కూడా ఒక కారణమేమో! మాల్వెర్న్ కాలేజీ అని అక్కడొక ప్రైవేటు బడి. అందులో ఉపాధ్యాయుల కొడుకులను అయిదో వంతు ఫీజుకు చేర్చుకునేవారు. పన్నుల శాఖవారు వచ్చి, బడి మొత్తం ఖర్చును పిల్లలందరికీ పంచి, తలకు ఎంత పడితే అంత మేలు మీకు జరిగింది, దానికి పన్ను కట్టండి అన్నారు. ఉపాధ్యాయులు, బడిలో ఖాళీలున్నాయి, మా పిల్లలు వచ్చినందుకు అదనంగా అయినది తిండి, బట్టల ఉతుకు, కాగితాల ఖర్చే, అది మేము కట్టిన అయిదో వంతులోనే తీరిపోయింది అన్నారు. 'పెప్పర్ వర్సెస్ హార్ట్' అనే ఈ వ్యాజ్యంలో 1992 నవంబరు 26న ప్రభువుల సభ ఉపాధ్యాయుల పక్షాన తీర్పు చెప్పింది. తీర్పుకు ఆధారం కూడా ప్రయాణమే కావడం విశేషం. 1976లో ఆ చట్టం పార్లమెంటులో చర్చకు వచ్చినప్పుడు, రైల్వే, విమాన ఉద్యోగుల ఉచిత ప్రయాణాలకు ప్రజల ధర ప్రకారం విలువ కట్టాలన్న ప్రతిపాదనను ప్రభుత్వం వెనక్కి తీసుకున్నది. యజమానికి అయిన ఖర్చే కొలత అని ఆనాటి మంత్రి సభలో చెప్పిన మాటను న్యాయమూర్తులు తీసి చదివారు. చట్టం అర్థం తేల్చడానికి సభాచర్చలను చూడకూడదన్న పాత కట్టుబాటును ఆ ఒక్క కేసు సడలించింది. మూలంలో సందిగ్ధత వచ్చినప్పుడు వ్యాఖ్యానాన్ని ఆశ్రయించడం మన పండితులకు కొత్త కాదు గాని, వారికి అది పెద్ద మాటే.

అమెరికాలోని మిత్రులకు ఇటువంటిదే తెలిసి ఉంటుంది. అక్కడ 1984లో చట్టమే ఒక మాట చేర్చింది. యజమానికి చెప్పుకోదగిన అదనపు ఖర్చు లేకుండా, మామూలుగా ప్రజలకు అమ్మే సేవనే ఉద్యోగికి ఇస్తే అది ఆదాయం కాదు. ఖాళీగా ఎగిరిపోయే సీటు ఇందుకు మంచి ఉదాహరణ. కచేరీ పని మీద విమానమెక్కి కూడబెట్టుకున్న మైళ్ళను సొంతానికి వాడుకున్నా పన్ను అడగబోమని 2002లో అక్కడి పన్నుల శాఖ ప్రకటించింది కూడా.

నా పక్షం ఇదే. ఖర్చే కొలత కావాలి. రాత్రి చివరి బస్సు కొల్లాపూరుకు సగం ఖాళీగా పోతున్నప్పుడు కండక్టరు భార్య అందులో కూర్చుంటే సంస్థకు పోయినదేమిటి? 'ఇప్పుడు బస్సులు ఖాళీగా ఎక్కడున్నాయండీ' అనవచ్చు మీరు. మహాలక్ష్మి తర్వాత నిజమే, నిలబడడానికే చోటు దొరకదు. అలా తలుపు దగ్గర వేలాడుతూ పోయినవానికి సీటు ధర ప్రకారం పన్ను లెక్కకట్టడం ఇంకా వింత. ఖర్చు కొలత వద్దనుకుంటే, రైలుకిచ్చిన మినహాయింపును బస్సుకూ ఇవ్వాలి. రెండూ కాకుండా ఇప్పుడున్నట్టు ఉంచడానికి నాకు ఏ యుక్తీ కనబడలేదు.

మా సంస్థానాల కాలంలో ఈ లెక్కకు మంచి మాటలుండేవి. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాధీశులు పండితులకు భూములిచ్చేవారు, వార్షికాలిచ్చేవారు. గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న పేరు ఊరికే రాలేదు. ఏ పన్నూ లేకుండా ఇచ్చినది సర్వమాన్యం. మామూలు శిస్తు కంటె తక్కువ కట్టే ఏర్పాటుతో ఇచ్చినది శ్రోత్రియం. ఈనాము మీద కట్టే ఆ నామమాత్రపు రొక్కానికి కట్టుబడి అని పేరు. అంతా వదిలిపెట్టడం, అంతా పట్టుకోవడం అనే రెండు కొసలే కాక, నడుమ ఒక మెట్టు ఉంటుందని ఆనాటి కరణాలకు తెలుసు. పండితులు ఆ రాయితీలను పొందింది ఊరకే కాదు, సభకు వచ్చి పాండిత్యం చూపి పొందారు. ఈనాటి చట్టం ప్రకారమైతే వారి వార్షికం వృత్తి ఆదాయమే. ఈ మాట అంటే మా గురువులు నన్ను క్షమించరు, అయినా నిజం.

ఇంతవరకు నేను రాయితీల పక్షాన మాట్లాడినట్టు కనబడుతుంది. పన్ను పడి తీరవలసిన ప్రయాణాలు కూడా ఉన్నాయి. గద్వాల ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనాలు పండించే సీమ. పత్తి ఉన్నచోట విత్తనాల, ఎరువుల, పురుగుమందుల దుకాణాలుంటాయి. ఇన్ని డబ్బాలు అమ్మితే మీకూ మీ ఆవిడకూ విదేశయాత్ర అనే ఆశ చూపడం ఆ వ్యాపారంలో ఉన్నదే. వ్యాపారంలో అందిన ఇటువంటి మేలు ఆదాయమేనని 1961 చట్టం 28వ సెక్షను చాలాకాలం నుంచి చెబుతున్నా, పట్టించుకున్నవారు తక్కువ. 2022 జూలై 1 నుంచి 194ఆర్ అనే కొత్త సెక్షను అమలులోకి వచ్చింది. వ్యాపారంలో గాని వృత్తిలో గాని ఏడాదికి 20,000 రూపాయలకు మించిన మేలు చేసేవారు 10 శాతం పన్ను ముందే మినహాయించాలి. దాని మీద 2022 జూన్‌లో ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులరు నాకు నచ్చింది. కొనుగోలుదారులకు ఇచ్చే ధర తగ్గింపును ఇందులోంచి తీసివేసింది. లక్ష్యం చేరుకున్నందుకు డీలరుకూ బంధువులకూ చేయించే యాత్రను పేరు పెట్టి ఇందులో చేర్చింది. నేను పైన చీరకూ ఎద్దులకూ చెప్పిన భేదమే అది. ఆ యాత్ర డీలరుకు ఎవరో కనికరించి ఇచ్చినది కాదు, డబ్బాలు అమ్మినందుకు కూలి. ఆ డబ్బాలలో రైతుకు అక్కరలేనివి ఎన్ని అమ్ముడుపోయి ఉంటాయో అన్నదే నా బాధ. చేనిలో మూడుసార్లు చాలిన మందు ఆరుసార్లు కొట్టినవాని అప్పు మీద ఎవరో విమానమెక్కుతున్నారంటే, రైతూ రాయితీ ఒకే ధాతువు బిడ్డలని పాఠం చెప్పిన నోరు మూతపడుతుంది.

ఇక ఎల్.టి.సి. అది ఉద్యోగులందరికీ పరిచయమైనదే. నాలుగేళ్ళ బ్లాకులో రెండు ప్రయాణాలు, దేశం లోపల, దగ్గరి దారి ఛార్జీ మేరకు మినహాయింపు. బస, భోజనాలకు లేదు. నిజంగా ప్రయాణం చేసి ఉండాలి. చివరి షరతు రాసింది ఎందుకో ఏ కచేరీలో పనిచేసినవానికైనా తెలుసు. మనిషి ఇంట్లో పడకకుర్చీలో ఉండగా అతని బిల్లు మాత్రం తిరుపతి పోయివచ్చిన సందర్భాలు నేనెరుగుదును. పేర్లెందుకు! దీనికంటె పెద్దయెత్తున స్టేట్ బ్యాంకు ఉద్యోగుల కేసు నడిచింది. ఢిల్లీ నుంచి మదురై పోయి, అక్కడి నుంచి కొలంబో, కౌలాలంపూరు, సింగపూరు తిరిగి ఢిల్లీ చేరిన ప్రయాణాన్ని స్వదేశ యాత్రగా చూపి మినహాయింపు ఇచ్చారు. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు కుదరదన్నది. ఎల్.టి.సి. దేశం లోపలి ప్రయాణానికి, దగ్గరి దారికి. బ్యాంకు పన్ను మినహాయించి ఉండవలసింది అని తేల్చింది. మదురైకి సింగపూరు దారిలో ఉన్నదంటే నా అయిదో తరగతి పిల్లలు కూడా పటం తెరిచేవారు.

అయితే ఈ మినహాయింపు కూడా ఇప్పుడు పాత విధానంలో ఉన్నవారికే. 2023–24 నుంచి కొత్త విధానమే మామూలు విధానమయింది; అందులో ఉన్నవారికి ఎల్.టి.సి. సొమ్ము జీతంలో కలిసిపోతుంది. 2025లో ఆమోదం పొంది, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా పెట్టుకున్న కొత్త చట్టం వల్ల సెక్షన్ల సంఖ్యలు మారుతాయి, నేను పైన చెప్పినవన్నీ 1961 చట్టం అంకెలు.

నాగర్‌కర్నూల్‌లో పనిచేసే ఒక కుర్ర ఉపాధ్యాయుడు, మా దూరపు బంధువు, కొత్త విధానం ఎంచుకున్నాడు. "ఎల్.టి.సి. పెట్టుకోలేదా నాయనా?" అంటే, "ఎందుకు బాబాయ్, కాగితాలకే సెలవు సరిపోతుంది" అన్నాడు. భార్యాపిల్లలను తీసుకొని సోమశిల పోయి, అక్కడ లాంచీ ఎక్కి కృష్ణ మీదుగా శ్రీశైలం వెళ్ళివచ్చాడు. పిల్లలు నల్లమల కొండలు చూసి మురిసిపోయారట. టికెట్లు మాత్రం దాచలేదు.